బిన్నా

గోల చెయ్యని గోల్‌కీపరు
గోలు ఇచ్చేసినట్టే.
మొదటిరోజు కోచ్ సారు చెప్పిన మాట ఇది,
చిత్తూరు మెసానికల్ గ్రౌండులో
క్రికెట్టోళ్ళు మాకు వదిలేసిన మూల,
రెండు మామిడిపళ్ళ క్రేట్లు స్తంభాలుగా పెట్టి.

"అరువు మేయ్" అన్నాడు.
నోరైతే తెరిచినా.
ఏ భాషలో అని ఆగిపోయినా.
ఆ ఆగినంతలో
బంతి క్రేట్ల నడుమ దూసుకుపోయి
బత్తెయ్య టీబంకు కిందికి దూరింది.

మా ఇంట్లో తొందరకు మూడు మాటలు.
లారీ ఎక్కుతా అబ్బా "జల్దీ" అంటాడు.
గుడియాత్తం నుంచి వచ్చిన అమ్మ
గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్టుకు కొంగు దోపుకుంటా "సీక్రం" అంటాది.
ఇద్దరూ పోయినాక
పక్కింటి మునెమ్మవ్వ
సంగటిముద్దలో వేలితో గుంట చేసి
ఊరిబిండి పెట్టి
"బిన్నా తిను, బడి గంట కొట్టేసినారు" అంటాది.

పేరూ అంతే.
అబ్బా తరపోళ్ళకు మెహరున్ని,
అమ్మ తరపోళ్ళకు జెసింతని,
అవ్వకు ఉత్త పిల్లని.
షీర్‌ఖుర్మా, ఈస్టరు బిర్యానీ, గంగజాతర అంబలి
అన్నీ నా కడుపులోకే,
అన్నిటి మరుసటి రోజూ
మైదానం చుట్టూ పరిగెత్తలేక ఆయాసపడిందీ నేనే.
పెళ్ళిళ్ళలో ఎవురో ఒకరు అడుగుతారు
"పాప ఏ వైపు?" అని.
నేను ఆకులో మిగిలింది తింటా ఉంటా.

మొదటి గ్లౌజులు
అమ్మ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రబ్బరువి.
ఎంత ఉతికినా తోతాపురి వాసన పోదు.
బంతి జారిపోతాది,
ఈగలు మాత్రం ఒక్కటీ తప్పిపోవు.

పదో తరగతిలో మణికట్టు విరిగింది.
లారీలో ముందు సీటు, పుత్తూరు దోవ.
ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురుదబ్బలు,
ఆయన చెయ్యి లాగి కట్టు బిగిస్తే
"అబ్బా!" అని అరిచినా.
"ఈడనే ఉండా బేటీ" అన్నాడు అబ్బా.
నొప్పి పుడితే ఊరంతా
మా నాయన్నే పిలుస్తారని
చిన్నప్పుడు నిజంగా నమ్మినా.

బెజవాడ సెలక్షన్లలో
నా అరుపు విని ఒక సారు దగ్గరికొచ్చినాడు.
"బిన్నా అంటే ఏం భాషమ్మా?"
"తెలుగే సార్."
"మేమెప్పుడూ వినలేదే. అరవోళ్ళ పిల్లవా?"
సగం నిజమే కాబట్టి
సగమే తల ఊపినా.
ఒక్క భాషయినా నాకు నిండుగా ఉందనుకుంటిని,
దానికీ సాక్షి కావాలంట.

కేరళ క్లబ్బు కాగితాల మీద సంతకం పెట్టిన రోజు
అమ్మ జీతం అంకెను
మూడుసార్లు లెక్కబెట్టింది, అరవంలో.
ఏ భాషలో మాట్లాడినా
లెక్క మాత్రం ఆమె పుట్టింటిదే.

ఈడ నా ముందు నలుగురు.
లిన్‌థోయిది మణిపూరు, అకోసువాది ఘనా,
ఇద్దరు త్రిశ్శూరు పిల్లలు.
ప్రాక్టీసులో నేర్పిన మాటలే వాడతా,
లెఫ్ట్, అవుట్, టైమ్.
కార్నరు నుంచి బంతి గాల్లో తిరిగినప్పుడు
అవన్నీ యాడికి పోతాయో,
నోట్లోంచి వచ్చేది ఒకటే:
బిన్నా!
నలుగురూ పరిగెత్తుతారు.
అర్థం ఎవురూ అడగలేదు.
అది నా పేరనుకున్నారంట.
జెర్సీలు ఇచ్చే అన్న
ఒకటో నంబరు మీద అదే అచ్చు వేయించినాడు.
నేను దిద్దలేదు.

ఫోనులో వీడియో చూపిస్తే
మునెమ్మవ్వ కళ్ళు చికిలించింది.
"నీ ఈపు మీద ఏం రాసినారే?"
"నువ్వు రోజూ అనే మాటే అవ్వా."
"నేను నూరు అంటా. యాది?"

నిన్న మూడు గోళ్ళు తిన్నాం.
రెండు దేవుడికి వదిలేసినా.
మూడోదానికి బంతి తక్కువ ఎత్తులో, నిమ్మళంగానే వచ్చింది.
ఎందుకో నోరు తెరిచి
ఒక్క రెప్పపాటు ఆగినా,
ఆ పాత మూలలో ఆగినట్టే.

ఈడ వల ఉంది.
బంతి ఎక్కువ దూరం పోలేదు.
వంగి తీసి
మధ్యగీతకు తన్నేసినా.