తొంభై నాలుగు

బయట మైనస్ ముప్పై ఒకటి.
అర్వైహేర్ ఊరి చివర, ఉన్నికి రంగులు వేసే షెడ్డులో
ప్యానెల్ తలుపు తెరిచాను.
స్క్రూడ్రైవర్ కూడా చేతొడుగు అడిగేంత చలి.

అరచేతి వెడల్పు కంట్రోలర్, వెనక పన్నెండు టెర్మినళ్ళు.
కాగితం మీద వేసిన బొమ్మ ఒక దారి,
పెట్టె మీద అంకెల వరస ఇంకో దారి.
ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే.
బొమ్మని చూస్తాను,
మీటర్‌ని నమ్ముతాను.

తెల్మెన్ కుర్రాడు. ఎరుపంటే ప్లస్ అని
ఎవరు నేర్పారో గాని గట్టిగానే నేర్పారు.
ఈ జాతి సెన్సార్‌కి ఎరుపు మైనస్.
తిరగేసి బిగించాడు. నేనేమీ అనలేదు.
మొనని పిడికిట్లో పట్టుకోమన్నాను.
చెయ్యి వెచ్చబెడుతున్న కొద్దీ అంకె కిందికి దిగింది:
నాలుగు, సున్నా, మైనస్ తొమ్మిది.
"నాలో రక్తం ఉందా లేదా అక్కా?"
తీగలు వాడే మార్చుకున్నాడు.

హీటర్ని ఇంకా కలపలేదు.
దానిది తొమ్మిది కిలోవాట్ల ఆకలి.
ముందు దాని పీట మీద
అరవై వాట్ల బల్బుని కూర్చోబెట్టాను.
సెట్‌పాయింట్ పెంచితే లోపల టిక్కుమంది,
బల్బు వెలిగింది.
తగ్గిస్తే ఆరింది.
వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించి
చంటిపిల్లతో దాగుడుమూతలాడినట్టు
పదిసార్లు చూశాం.
అలారం మాత్రం అంతా బాగున్నప్పుడే గోల పెట్టింది,
మా ఇన్‌స్పెక్టర్ లాగా.
కాంటాక్టు మార్చాక నోరు మూసింది.

తెల్మెన్ మగ్గునిండా మంచు తోడుకొచ్చి
నీళ్ళు పోసి జావలా కలిపాడు.
సెన్సార్ ముంచాం. సున్నా.
బళ్ళో లెక్కల పరీక్షలో వచ్చినప్పుడు
ఏడిపించిన గుండు సున్నాయే,
ఇవాళ ఎంత ముద్దొచ్చిందో.

ఇక మరిగే నీళ్ళు.
కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది,
ఆవిరి కళ్ళద్దాల మీదికొచ్చింది,
అంకె తొంభై నాలుగు దగ్గర మొరాయించింది.
పుస్తకం వంద అంటుంది.
ఆరు తక్కువ. ఆరు కలిపితే సరి.
మెనూలో ఆ చోటుంది,
నా బొటనవేలు అప్పుడే దాని మీదుంది.

"ఆ పెట్టెకేం రోగం?"
రంగు తొట్టి అంచు మీంచి సెవ్జిద్.
మోచేతుల దాకా నీలం, ముప్పై ఏళ్ళ నీలం.
"ఇక్కడ నీళ్ళు తొందరగా పొంగుతాయి,
మాంసం తొందరగా ఉడకదు.
కింద మా చెల్లెలింట్లో గంట,
ఇక్కడ గంటన్నర.
ఇంత ఎత్తుకి ఎక్కొచ్చాక
నీళ్ళు మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి?"

వేలు వెనక్కి తీశాను.
చలికి కాదు, చెవులు వేడెక్కాయి.
ఆ ఆరు కలిపి ఉంటే
తెర మీద ఎనభై అయిదు,
తొట్టిలో డెబ్భై తొమ్మిది.
నీలం సగం మనసుతో ఉన్ని మీద కూర్చునేది.
ఎవరి మెడకో చుట్టుకున్న శాలువా
మొదటి వానకే చొక్కా పాడుచేసేది.
నా సంతకం కాగితం మీద భద్రంగా ఉండేది.

చివరి పరీక్ష.
పని చేస్తుండగానే సెన్సార్ తీగ ఊడదీశాను.
తెర మీద అంకెలు పోయి అడ్డగీతలు.
బల్బు ఆరిపోయింది.
తెలియదు, అంది ఆ పెట్టె.
అని, చెయ్యి తీసేసింది.
ఇరవై రెండేళ్ళలో ఎన్ని పెట్టెలకి
ఈ పరీక్ష పెట్టి పాస్ చేశానో.

చీకటి పడేసరికి హీటర్ కలిపాం.
సెవ్జిద్ అంకె వైపు చూడనే లేదు,
ఒక పోగు తీసి పిండి వాసన చూసింది, తలూపింది.

ప్యానెల్ తలుపు లోపలి వైపు
తెల్మెన్ పెన్సిల్‌తో రాశాడు:
ఇక్కడ నీళ్ళకి తొంభై నాలుగు.
సెవ్జిద్ చదివించుకుని
కింద ఇంకో ముక్క చేర్పించింది:
ఉప్పు టీకి కూడా అంతే. పోసుకోండి, చల్లారుతోంది.