మాకింకా పద్నాలుగు రోజులే

ఆ ఏడు ఐస్‌లాండ్‌లో మనుషులు కాలుపెట్టి
పదకొండు వందల ఏళ్లు నిండాయన్నారు.
ఎవరు లెక్కపెట్టారో తెలీదు.
నాకు తొమ్మిది నిండాయి, అది మాత్రం ఖాయం.

స్కెయిదరా నది మీద వంతెన పూర్తయిన వేసవి అది.
అంతకుముందు నాన్న రాజధానికి పోవాలంటే
ఎదురుగా కనిపించే పడమటికి వీపు తిప్పి
దేశమంతా చుట్టి వెళ్లేవాడు,
ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

నిన్నటి పాయ ఇవాళ ఉండదు ఆ నదిలో.
మంచు కింద ఎక్కడో నిప్పు కదిలిందంటే
ఇళ్లంతేసి మంచుగడ్డల్ని
నల్ల ఇసుక మీద పారేసి పోతుంది.
దాన్ని దాటించడానికి వేరే గుర్రాలుండేవి.
తాతయ్య థోర్లాకుర్ టపా సంచీలు దాటించేవాడు.
"గుర్రం చెవులు చూడు, నీళ్లు చూడకు,
కళ్లు తిరుగుతాయి" అనేవాడట.
ఒక అక్టోబరులో
గుర్రం దొరికింది. సంచీ దొరికింది.
తడిసిన ఉత్తరాల్ని నాన్నమ్మ
పొయ్యి మీద తీగ కట్టి ఆరబెట్టి
ఎవరివి వాళ్లకి తనే తిరిగి ఇచ్చొచ్చింది.

జూలై చివర రష్యన్ జీపెక్కాం:
నాన్న, నేను, ఒళ్లో ఎండుచేపల పొట్లంతో ఇంగ్వెల్దుర్ అత్త,
నల్లటి పండగ బట్టల్లో నాన్నమ్మ స్టేన్‌వోర్.
వంతెన మొదట్లో ఆపమంది. దిగింది.
"నేను నడిచొస్తా."
ఇంచుమించు కిలోమీటరు.
ఆమె వెనక మొదటి గేర్లో మా జీపు,
మా వెనక జెండాలు కట్టుకున్న తూర్పు ఊళ్ల కార్లు,
పక్కకి తప్పుకునే వెడల్పు లేని చెక్కల దారి.
ఎవడో ఒక్కసారి హారన్ కొట్టి
తనే సిగ్గుపడ్డట్టు మానేశాడు.

సరిగ్గా నడిమధ్య ఆగింది.
కమ్మీ పట్టుకుని వంగి
చూడకూడదన్న నీళ్లని చాలాసేపు చూసింది.
దణ్ణం పెట్టుకుంటుంది కాబోలనుకున్నా.
తుపుక్కున ఉమ్మింది.
మూతి తుడుచుకుని మళ్లీ నడిచింది.

ఉత్సవం గురించి చెప్పమంటారు మా పిల్లలు.
ఏం చెప్పను?
రాతిగోడకి తగిలి ముక్కలైపోయిన ఉపన్యాసాలు,
నా ముందు ఉన్ని స్వెటర్ల వీపులు,
మరుగుదొడ్డికి గంటసేపు వరస,
ఎండకి కమిలిన అత్త మెడ.
(పొద్దున మబ్బు పట్టిందంటుంది అత్త. పట్టే ఉంటుంది.)
ఛాతీకి బ్యాడ్జీ పెట్టుకున్న పట్నం ఆవిడ ఒకామె
నాన్నమ్మ పక్కన గడ్డి మీద కూలబడి
"పదకొండు వందల ఏళ్లంటే మాటలా!" అంది.
నాన్నమ్మ కాఫీలో రొట్టె ముంచి
కారకుండా ఒడుపుగా నోట్లో పెట్టుకుని,
నమిలి, మింగి, అప్పుడంది:
"అవి మీవి.
మాకింకా పద్నాలుగు రోజులే."
ఆవిడ నవ్వింది.
ఆవిడ నవ్విందని నేనూ నవ్వాను.

తిరిగొచ్చాక చుట్టుపక్కల అందరూ
నది గుర్రాల్ని అమ్మేసుకున్నారు.
ఏరు దాటాక తెప్ప తగలేసే మనిషి కాదు నాన్నమ్మ.
ఫాక్సి కంటికి పొరలు కమ్మి పోయేదాకా
తనకి లేకపోయినా దానికి గడ్డి ఉంచింది.

తొంభై ఆరు నవంబరులో నాన్న ఫోన్ చేశాడు.
"పట్టుకుపోయింది, వంతెనలో పెద్ద ముక్క!"
ఆ గొంతులో బాధే ఉండాలి.
నాకు మాత్రం
బడిలో ఫస్టొచ్చిన మేనల్లుడి గురించి చెబుతున్నట్టు వినిపించింది.
మళ్లీ కట్టారు. ఆ తర్వాత కొన్నేళ్లకి
నదే పడమటికి జరిగి
వేరే నదిలో కలిసిపోయింది,
ఎవరికీ చెప్పా పెట్టకుండా.

పోయిన వేసవిలో కారాపి
పాత వంతెన మీద నడిచాను, నడిమధ్య దాకా.
కింద గులకరాళ్లు, ఊదా రంగు పూలు,
తలెత్తి నన్నే చూస్తున్న ఒక గొర్రె.
ఉమ్మడానికి నీళ్లు లేవు.
నోట్లో ఊరింది మింగేసి
కారెక్కాను.