ఏడో అంతస్తుకి ఇరవై టెట్రీలు

మూడు కుప్పలు చెయ్యమంది మా మేనకోడలు తెక్లే:
వెంట వచ్చేవి, ఇచ్చేసేవి, పారేసేవి.
దానికేం, ముప్పై ఏళ్ల పిల్ల,
బతుకంతా ఒక్క సూట్‌కేసులో పట్టేస్తుంది.
నాకు నాలుగో కుప్ప కావాలి,
ఏమీ తేల్చకుండా కాసేపు ముందు కూర్చునేందుకు.

వసారా గోడకి తాగే కొమ్ములు పదకొండు.
వీటిలో ద్రాక్షసారా పోశాక
ఖాళీ అయ్యేదాకా కింద పెట్టడానికి వీల్లేదు,
పెడితే ఒలికిపోతుంది.
ఇప్పుడు ఖాళీవే.
అయినా చేతిలోంచి దించలేకపోతున్నాను.

రాత్రి రెండింటికి జుంబేర్ లేస్తాడు.
నేను నిద్రపోతున్నానని ఆయన నమ్మకం.
పారేసే కుప్పలోంచి ఒక్కొక్కటే వెనక్కి నడుస్తుంది:
తీగలు కత్తిరించే తుప్పు కత్తెర,
ఎవరి పెళ్లిదో తెలియని ఫోటో,
పిడి ఊడిన టీ కెటిల్.
పొద్దున తేలు కుట్టిన దొంగలా
రొట్టె తుంచుకుంటూ కిటికీలోకి చూస్తాడు.
నేనూ పెదవి విప్పను.
ఆయన అటు వెళ్లగానే కెటిల్‌ని మళ్లీ కుప్పలో పడేస్తాను.
వారం రోజులుగా ఇంట్లో అందరికన్నా ఎక్కువ తిరిగింది అదే.

సరే, పైనున్నవి సర్దొచ్చు.
నేలలో ఉన్నదాన్నేం చేయను?
గచ్చు కింద మెడదాకా పూడ్చిన క్వెవ్రి,
రెండాళ్ల లోతు మట్టిబాన.
కాపరానికొచ్చిన కొత్తలో
అత్తగారు నా నడుం కొలిచి చూసింది.
అందం చూస్తోందనుకుని పొంగిపోయాను.
ఆవిడ చూసింది బాన మూతిలో పడతానా లేదా అని.

ముప్పై ఒక్క కోతకాలాలు నిచ్చెన దిగాను.
చెర్రీ బెరడు కుంచెతో ఆ గుండ్రటి చీకటిని తోమాను.
పైనుంచి జుంబేర్ అరిచేవాడు,
"పాడుతూ ఉండు, త్సియాలా, ఆపకు!"
పాట ఆగిందంటే లోపల గాలి చెడిందని లెక్క.
నాకొచ్చినవి రెండే పాటలు.
అవి అయిపోయాక
ఆయన చుట్టాలందరినీ వరసపెట్టి తిట్టేదాన్ని, రాగం తప్పకుండా.
ఎంత తోమినా ఆ తిట్లు మాత్రం
అడుగున మడ్డిలా మిగిలే ఉంటాయి.

తర్వాత నా నడుం ఒప్పుకోలేదు.
ఆ తర్వాత ఆయన మోకాళ్లు.
తోట అమ్మేశాం. బానకి మూతరాయి పెట్టేశాం.

ఇల్లు కొన్నవాళ్లు ఆదివారం వచ్చారు.
పెద్దమనిషి వేలి కణుపులతో గోడలు కొట్టి విన్నాడు.
తొమ్మిదేళ్ల కేసారియా మూతరాయి మీదే కూలబడింది.
"ఇందులో ఏముంది?"
"ఏమీ లేదు."
"ఏమీ లేకపోతే మూతెందుకు?"
నా మూడు కుప్పల్లోనూ వెతికాను, జవాబు లేదు.
ఇద్దరం కలిసి రాయి పక్కకి దొర్లించాం.
అందరు పిల్లల్లా తన పేరు పిలుచుకుంటుందనుకున్నా.
అది బోర్లా పడుకుని, తల లోపలికి వంచి,
తన తమ్ముణ్ణి తిట్టింది.
బాన దాన్ని గంభీరంగా తిరిగి చెప్పింది.

తలుపు వెనక మేకుకి కుంచె వేలాడుతోంది.
ఏ కుప్పలోనూ వెయ్యలేదు దాన్ని.
దాని చేతిలో పెట్టాను.
నడుం మాత్రం కొలవలేదు.

రుస్తావిలో మా కొత్త ఇల్లు రెండు గదులు, ఏడో అంతస్తు.
లిఫ్టులో డబ్బుల పెట్టె,
ఇరవై టెట్రీలు వేస్తేగానీ కదలదు.
దిగడానికి ఏమీ అక్కర్లేదట.
దిగడం నాకు తెలిసిన పనే, అనుకున్నాను.

జుంబేర్ కోటు ఎడమవైపు ఉబ్బెత్తుగా ఉంది.
గుండీల సందులోంచి కెటిల్ ముక్కు.
నేను చూడలేదు.

నాలుగుకీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది.
దీపం పోయింది.
ఇనుప పెట్టెలో ఆయన ఊపిరి, నా ఊపిరి,
ఎక్కడో పైన ఎవరో మెట్ల మీద పరుగెత్తుతున్న చప్పుడు.
చాలాసేపటికి, చిన్న గొంతుతో,
"పాడుతూ ఉండు, త్సియాలా."

కెటిల్‌ని తిట్టడంతో మొదలుపెట్టాను.