ఖాళీ గడి

నీళ్ళు వెనక్కి పోయే టైము
మౌజా మేడం నాకు రాత్రే చెప్తది:
"నాలుగూ నలభై, లస్మయ్యా."
ఉమ్ అల్ కువైన్ల ఇంకా చీకటే.
బండిల రెండు దుర్బిన్లు, ఒక టెలిస్కోపు,
ప్లాస్కుల గావా, ఖర్జూరాల డబ్బా,
వెనక సీట్ల షఫీకుల్, వాని బురద బూట్లు.

నేను డ్రైవర్ను. వీసా మీద గదే ఉన్నది.
పిట్టల సంగతి వీసా మీద లేదు.

మొదటి చలికాలం బండి దిగలే.
రెండో చలికాలం ఆమె నా చేతుల
లెక్కవెట్టే బుడ్డ మిషను పెట్టింది.
"నల్లా తెల్లా ఉన్నయన్నీ నువ్వు నొక్కు."
ఎండ్రికాయల పిట్టలు:
పొడుగు కాళ్ళు, సుత్తె లెక్క ముక్కు,
బురదల ఎండ్రికాయను పట్టి
కాలుకు కాలు విరిచి మింగుతయి.
ఆ పొద్దు నూటా డెబ్బై నాలుగు నొక్కిన.
బొటనవేలు రాత్రి దాకా తీపు.

మూడో ఏడు, వలల పడ్డ ఉల్లంకిని
పట్టుకునుడు నేర్పింది:
చూపుడువేలు నడిమివేలు సందుల మెడ,
అరచేతుల వీపు.
గుండె కొట్టుకుంటలేదు, వణుకుతున్నది,
సైలెంట్ల పెట్టిన ఫోన్ లెక్క.
త్రాసుల పెడితే మూడు తులాలు.
సైబీరియా కాడికెళ్ళి వచ్చిందట
ఆ మూడు తులాలు!
కాలుకు ఆకుపచ్చ జెండా తొడిగి విడిచినం.
చేయి చాలాసేపు అట్లనే పట్టుకొని ఉన్న,
ముయ్యబుద్ధి కాలే.

ఎదురు ఒడ్డున విల్లాలు లేస్తున్నయి.
డ్రెడ్జరు రాత్రీ పగలూ
బురదను గుంజి, మెత్తటి ఒడ్డును
గట్టి నేల చేస్తున్నది.
శుక్రవారం పోరగాండ్ల నాలుగు చక్రాల బైకులు.
మేడం ఆఫీసుల చుట్టు ఏడాది తిరిగి
పిట్టలు నిద్రపోయేకాడ తాడు కట్టిపిచ్చింది,
నాలుగు భాషల బోర్డు పెట్టిపిచ్చింది.
అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ, మలయాళం.
తెలుగు లేదు. చదివేటోన్ని నేనొక్కన్నే గద.
అయినా మార్కరుతోటి కింద రాసిన:
ఈడ బండి తిప్పకుండ్రి.

ఈ జనవరి మూడు పొద్దులు చూసినం.
ఎండ్రికాయల పిట్టలు అరవై ఒకటి.
ఉల్లంకుల ఎదురుగ గడి.
టెలిస్కోపు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి,
మళ్ళ తిప్పి, పెన్ను పక్కకు పెట్టిన.

"రాయలేదేంది?"
"ఏం లేవు గద మేడం. ఏం రాయాలె?"

ఆమె హిందీల అరబ్బీ కలిపి మెల్లగ చెప్పింది:
"ఖాళీ అంటే ఎవలూ చూడలేదని.
సున్న అంటే చూసినం, లేవు అని.
రెండూ ఒక్కటి కావు."

ఈ దేశం రాక ముందు రెండేండ్లు
పెద్దవాగుల ఇసుక ట్రాక్టర్ నడిపిన.
రాత్రిళ్ళు. లైట్లు బంద్ చేసి.
ఇసుకల గుడ్లుండేవి, కంకర రంగువి,
పారకు తగిలితే గని తెల్వకపోవు.
నెత్తి మీద తీతువులు తిరుక్కుంట అరిచేవి.
తీతువు అరిస్తే చావు కబురంటరు.
తుపుక్కున ఉమ్మి, పార ఎత్తినం.
ఎవల చావో అడగలే.
ఆకాశం కూలుతదేమోనని
కాళ్ళు మీదికి పెట్టి పండుకునే పిట్టకు
కింద నేల పోతదని ఎవలు చెప్పాలె?
ఎన్ని ఉండెనో, ఎన్ని పోయినయో,
మా దిక్కు ఏ కాయిదం మీదా
దానికి గడి కూడ లేదు.

సున్న రాసిన.
అంచుకు అంచు కలిసేటట్టు, మెల్లగ.
లెక్కవెట్టినోల్ల పేర్ల కాడ
కాయిదం నా దిక్కు జరిపింది మేడం.
తెలుగుల రాసిన. ఏమనలే.

నీళ్ళు మళ్ళొస్తున్నయి.
షఫీకుల్ టైరుకు కొట్టి బూట్లు దులుపుతున్నడు.
"రేపు ఎన్నింటికి?" అన్న.
"ఐదున్నర," అన్నది.
నీళ్ళు దినానికి యాభై నిమిషాలు
ఆలస్యం గద.