గంటె పట్టుకొని

కాశిబుగ్గల మా రేకుల ఇంట్ల
మూడు నెలల కుక్కపిల్ల. పేరు బొబ్బర.
గిన్నెడు నీళ్ళు తాగి
ఉత్త గిన్నె మళ్ళ నాకుతది.
పన్న గోనెసంచి తెల్లారేసరికి తడి.
సిగ్గులేదా అని చీపిరి చూపిచ్చిన.

దాని తోడబుట్టింది సారమ్మ పిండిగిర్ని కాడ
మోకాలెత్తు అయ్యింది.
ఇదింకా నా చెప్పుల జోడంతనే.

మొన్న వాకిట్ల చానసేపు వంగి కూసున్నది.
రెండే చుక్కలు.
తిరిగి నా మొఖం చూసింది.
చీపిరి ఏడ పెట్టిన్నో యాదికి లేదు.

పొద్దుగాలటి మూత్రం సీసాల తెమ్మన్నది
పశువుల దవాఖాన డాక్టరమ్మ.
గందుకే ఇయ్యాల, ఇంకా మసక పోకముందే
పప్పుగంటె పట్టుకొని దాని ఎనక నేను!
ఎనుమాముల యార్డుకు పోయే హమాలీలు నవ్వబట్టిన్రు.
నవ్వనీ.

గంటెల పడ్డది ఉత్త నీళ్ళ లెక్క,
రంగు లేదు.
మూత బిగిచ్చి కొంగుల ముడేసుకున్న.
ఆటో ఎక్కేదాంక
నడుముకు వెచ్చగ తగులుతనే ఉన్నది.