రెండొందల పన్నెండో ఫుట్‌నోటు

యూనివర్సిటీ గేటుకెదురుగా నా డీటీపీ అంగడి.
పక్కన టీ బండి, ఆ పక్క పంక్చర్ల కుళ్ళాయప్ప.
పదహైదేండ్లుగా థీసిస్‌లు కొడతాండా.
వేరుశనగ తెగుళ్ళు, గ్రామీణ బ్యాంకులు, పట్టుపురుగులు
వేల పేజీలు నా వేళ్ళ మీదుగా పోయినాయి.
ఒక్కటీ లోపలికి దిగలే.

వన్నూరమ్మ పెన్‌డ్రైవ్ ఇచ్చిన పొద్దు
తెర నిండా డబ్బాలే.
వాక్యం నడుమ డబ్బా, డబ్బా, మళ్ళీ డబ్బా.
"ఇదేందమ్మా, ఫైలు కరాబయింది" అంటి.
"కరాబు కాలేదన్నా, అవి చైనా అక్షరాలు.
నీ కంప్యూటర్లో వాటికి ఇల్లు లేదు, అంతే" అనె.

ఫాంటు దించేదానికి మద్యాన్నమంతా పట్టె,
రెండుసార్లు కరెంటు పోయె.
ప్లాస్టిక్ స్టూలు మీద కూచోని
నేనడక్కుండానే చెప్పుకొచ్చె ఆ పిల్ల.
గుమ్మగట్ట దగ్గర పల్లె, నాయన బోరుబండి మీద పని.
డిపార్ట్‌మెంట్లో ఆ భాష తెలిసిన మనిషే లేడు.
"తూర్పాసియా చదవాలంటే ఢిల్లీకి పోమ్మా,
అనంతపురంలో కూచోని ఏం చూస్తావు?" అన్న్యాడంట గైడు సారు.
"కరువు చూస్తా సార్" అనిందంట.

మనకు కైఫీయతులున్నట్టే
వాళ్ళకూ ఊరూరికీ దస్త్రాలు.
షాన్‌సీలో ఎవరో గుమాస్తా రాసిపెట్టినాడు:
"చెట్లకు బెరడు లేదు.
మనిషి భుజమ్మీద మనిషి నిలబడితే
అందేంత ఎత్తు దాకా ఒలుచుకొని తినేసినారు."
దేవుడా అనలే, అయ్యో అనలే.
కొలత రాసి సంతకం పెట్టినాడు.

"ఏ సంవత్సరమమ్మా?"
"పద్దెనిమిది వందల డెబ్భై ఏడు."
కీబోర్డు మీద చేతులు నిలిచిపోయె.
"మా అవ్వ దాన్ని ధాత కరువు అనేది" అంటి.

పెన్ను మూత నోట్లోంచి తీసె.
"మనకు అరవై ఏండ్లకు అరవై పేర్లు, వాళ్ళకూ అరవై.
మనోళ్ళు ఆ ఏడాది పేరే కరువుకు పెట్టినారు.
వాళ్ళు రెండేండ్ల పేర్లు అతికించి తింగ్‌-వూ అన్నారు.
ఒకరినొకరు అడగనన్నా అడగలే" అనె.
యాడనో ఒక సముద్రం వేడెక్కితే
ఇక్కడా అక్కడా మబ్బు మొకం చాటేసిందంట.
ఎవరిని తిట్టాల్నో తెలీక
ఇద్దరూ పంచాంగాన్ని తిట్టుకున్నారు.

నేనూ ఊరుకోలే. అవ్వ మాట చెప్తి.
కలబంద గడ్డ ఏడు నీళ్ళు పారబోసి ఉడకబెట్టి తినేవాళ్ళని,
అది అవ్వకు వాళ్ళవ్వ చెప్పిందని.
నోటుపుస్తకం తీసె.
"ఏడు అని అవ్వ అనిందా, నువ్వంటాండావా?"

ఇన్నేండ్లలో నన్నెవరూ అట్లా అడగలే.
బెళుగుప్పలో చిన్నమ్మకు ఫోన్ కొడితి.
"ఏడు కాదురా, తొమ్మిది.
ఏడు నీళ్ళకు చేదు యాడ చస్తుంది?" అనె,
పొయ్యి మీద ఏమో మాడతాందని పెట్టేసె.

ఆ రాత్రి నేనే కొడితి.
పైన గుమాస్తా మాట, వాని అక్షరాల్లోనే.
కింద చిన్న సైజులో నంబరు రెండొందల పన్నెండు:
బోయ తిప్పక్క, బెళుగుప్ప, చనిపోయినారు.
కూతురి నోట, ఫోన్లో. తొమ్మిది నీళ్ళు.
అవ్వ పేరు రేషన్ కార్డు మీద తప్ప
యాడా అచ్చులో చూసింది లేదు నేను.

వైవా అయినాక సవరణల చీటీ తెచ్చె.
పద్నాలుగు.
ఆఖరుది: ఫోను మాట ఆధారం కాదు, తీసెయ్యాల.
పదమూడు దిద్దిస్తి.
పద్నాలుగో దానికాడ వేలు పెట్టి చూపిస్తే
"టీ చెప్పన్నా" అనె.

ఏడు కాపీలు, నల్ల రెక్సిను, బంగారు అక్షరాలు.
పేజీకి ఎనిమిది రూపాయల లెక్కన
దుడ్లన్నీ లెక్కపెట్టి తీసుకుంటి.

డబ్బాలతో వచ్చిన ఆ మొదటి పేజీ మాత్రం పారెయ్యలే.
బల్లమీద అద్దం కింద ఉండాది.
పని లేని మద్యాన్నం ఒకసారి లెక్కేస్తే
పంతొమ్మిది డబ్బాలు.
టీ గ్లాసు దాని మీదే పెడతా,
మరకైతే తుడుస్తా.