అమ్ముడుపోయిన పేజీ

మరియాంపోలేలో పొద్దున ఎనిమిదైనా చీకటే.
లాట్‌లో నలభై రెండు కార్ల మీద మంచు ఒకే రంగు పూసింది.
రోముఆల్దాస్ చీపురుతో ఒక్కోదాన్నీ బయటికి లాగుతున్నాడు:
ఇది నీలం, ఇది బూడిద, ఇదేమో మళ్లీ బూడిద.
నా పనీ అదే.
కాకపోతే నా చేతిలో చీపురు లేదు.

మా అక్షరాలకి నెత్తిన కొక్కేలుంటాయి, కొన్నిటికి కాళ్ల దగ్గర తోకలు.
రాత్రిపూట వెతికేవాళ్లు అవన్నీ ఊడబీకి టైపు చేస్తారు.
చలికి తొడుగులు తీయని వేళ్లేమో, తొందరేమో.
బళ్లో అయితే పంతులమ్మ ఎర్రసిరాతో చుట్టేసేది.
నేను ఆ తప్పుల్నే ఏరి, దులిపి,
పేజీ అడుగున వరసగా ఆరబెడతాను.
తప్పుగా పిలిచినా పలకాలి కదా దుకాణం.

అల్బీనాస్‌కి ఇవేవీ పట్టవు.
"గూగుల్లో మనం ఎన్నో?" అంటాడు కోటు విప్పకుండానే,
పిల్లాడి ర్యాంకు అడిగే తండ్రిలా.
"నాలుగు."
"నిన్న?"
"ఆరు."
ఆ పూట కాఫీలో ఇంకో చెంచా చక్కెర.
ఒకప్పుడు బోనెట్ మీద చెయ్యేసి నిలబడితే చాలేదట.
కజకస్తాన్ నుంచి వచ్చినవాళ్లు ఇంజను చప్పుడు విని,
నోట్లు నాలుక తడితో లెక్కపెట్టి, రాత్రికి రాత్రే తోలుకుపోయేవారట.
ఇప్పుడు శీర్షిక అరవై అక్షరాలు దాటకూడదు,
ఫొటో మూడు సెకన్లలో విచ్చుకోవాలి,
ప్రతి బొమ్మ వెనకా చూపులేని మనిషికి చెప్పినట్టు
ఒక వాక్యం దాగి ఉండాలి.
ఆ వాక్యాలు రాయడం నాకిష్టం.
"ఎడమ తలుపు మీద గీత. జానెడు. తుప్పు పట్టలేదు."
అబద్ధం రాయను. అబద్ధానికి జనం వస్తారు గానీ నిలవరు;
వాళ్లు నిలవకపోతే మేం మెట్టు దిగుతాం.

ఎవరెవరికి ఏం కావాలో నాకు తెలిసినంత
ఈ ఊరి పాదిరీకి కూడా తెలియదేమో.
"మైనస్ ఇరవైలో స్టార్టయ్యే డీజిలు."
"చక్రాల కుర్చీ పట్టే డిక్కీ."
"రెండు వేల యూరోల లోపు, ఈరోజే."
"భర్త సంతకం లేకుండా కారు అమ్మొచ్చా."
చివరిదానికి మా దగ్గర పేజీ లేదు.
ఒకటి రాశాను. అల్బీనాస్‌కి చెప్పలేదు.

ఇక ఆ వెండిరంగు స్టేషన్ వ్యాగన్ సంగతి.
అక్టోబరులో అమ్ముడుపోయింది, సరిహద్దు దాటింది.
అమ్మిన కారు పేజీ తీసేయాలి,
లేదా అలాంటి ఇంకో కారు వైపు దారి మళ్లించాలి.
ఈ రూలు రాసి గోడకి అంటించింది నేనే.
కానీ ప్రతి గురువారం, రాత్రి రెండు దాటాక,
ఒక్కరే,
దాని పాత నంబరు ప్లేటు టైపు చేసి వస్తారు.
పదకొండు నిమిషాలు ఉంటారు.
పన్నెండు ఫొటోల్లో ఏడోదాని దగ్గరే ఎక్కువసేపు.
ఏడోది వెనక సీటు.

ఒకరోజు దాన్ని పెద్దది చేసి చూశాను.
బెల్టు బకిలు పక్కన సగం చిరిగిన స్టిక్కరు,
ముళ్లపంది తల ఒక్కటే.
గీకితే మిగతా సగమే ఊడిందని రోముఆల్దాస్ అన్నాడు,
ఏదో తప్పు చేసినవాడిలా చెయ్యి తుడుచుకుంటూ.

జనవరిలో అల్బీనాస్ పట్టుకున్నాడు:
"లేని కారుకి పేజీ ఏంటి? దండగ."
"బయటి లింకులున్నాయి, తీస్తే ర్యాంకు పడిపోతుంది" అన్నాను.
పేజీలో రాయనన్నది నోటితో ఆడాను.
ర్యాంకు మాటెత్తితే ఆయన కిక్కురుమనడు.
ఆ సాయంత్రం ఏడో ఫొటో వెనక వాక్యం మార్చాను:
"వెనక సీటు. కుడివైపు ముళ్లపంది, సగం. అలాగే ఉంది."

తర్వాతి గురువారం నంబరు ప్లేటు రాలేదు.
రెండున్నరకి, నెత్తిన కొక్కెం లేకుండా, ఒకే ఒక్క ముళ్లపంది,
పక్కన మా ఊరి పేరు.

పొద్దున కోటు మీద మంచుతోనే వచ్చాడు అల్బీనాస్.
"ఎన్నో?"
"ఒకటి" అన్నాను.
దేనికని అడగలేదు.
చెంచా వెతుక్కుంటున్నాడు.